క్వారీలో సెన్సరు జాకెట్లు, వాటిలో చేరే డేటా: కార్మికుడికి చట్టం ఇచ్చే పట్టు

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీరు చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నారు. ఎండాకాలం మొదట్లో యాజమాన్యం కార్మికులందరికీ సెన్సర్లు కుట్టిన జాకెట్లు ఇచ్చింది. గుండె వేగం, ఒంటి వేడి, మనిషి ఉన్న చోటు ఆఫీసులోని కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి. వడదెబ్బ తగలకుండా చూసుకోవడానికే ఇస్తున్నామని చెప్పి, ఇంగ్లీషులో ఉన్న ఒక పేజీ కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఇప్పుడు కాంట్రాక్టరు అదే కంప్యూటరు లెక్క చూపించి, నీడన కూర్చున్న సమయానికి కూలి కోస్తున్నాడు. ఈ వివరాలు బీమా కంపెనీకి కూడా వెళ్తాయని వినికిడి. ఇది చట్టబద్ధమేనా, జాకెట్ వేసుకోనని అనవచ్చా, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నది మీ సందేహం. చివర్లో మీ అమ్మగారికి, 14 ఏళ్ల పాపకు కొన్న స్మార్ట్ వాచీల గురించి కూడా అడిగారు.

జాకెట్ ఇవ్వడం తప్పు కాదు. వడదెబ్బ నివారణకు గుండె వేగం చూడడం కూడా తప్పు కాదు. ఒక పని కోసం తీసుకున్న వివరాన్ని మరొక పనికి వాడడం దగ్గరే మీ యాజమాన్యం ఇరుకున పడుతుంది. మీ వాదన మొత్తం అక్కడే నిలబెట్టాలి. యంత్రం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగితే మీరు ఓడిపోతారు, ఎందుకంటే రోహిణి కార్తెలో రాతి గుంతలో పనిచేసే మనిషికి ఆ యంత్రం నిజంగానే మేలు చేయగలదు.

ఇప్పుడు ఏ చట్టం అమలులో ఉందో చూద్దాం, ఎందుకంటే మనం రెండు చట్టాల మధ్య సంధికాలంలో ఉన్నాము. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు మాత్రం 2025 నవంబరులో గెజెట్‌లో వచ్చాయి. డేటా పరిరక్షణ బోర్డు ఏర్పాటుకు సంబంధించిన భాగం వెంటనే అమలులోకి వచ్చింది. నోటీసు, సమ్మతి, భద్రత, హక్కులు, జరిమానాలు వంటి అసలు భాగం 18 నెలల గడువు తరువాత, అంటే 2027 మే నెలలో, అమలులోకి వస్తుంది. అంతవరకు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43-ఎ సెక్షను, దాని కింద 2011లో చేసిన నియమాలు కొనసాగుతాయి.

ఆ పాత నియమాలను చాలామంది చులకనగా చూస్తారు. మీ విషయంలో అవి తక్కువవేమీ కావు. శారీరక, మానసిక ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు, బయోమెట్రిక్ వివరాలు, పాస్‌వర్డులు, ఆర్థిక వివరాలను అవి సున్నితమైన సమాచారంగా ప్రత్యేకంగా గుర్తించాయి. గుండె వేగం, ఒంటి వేడి ఈ కోవలోకి వస్తాయని గట్టిగా వాదించవచ్చు. మనిషి ఉన్న చోటు మాత్రం ఆ జాబితాలో లేదు. సున్నితమైన సమాచారం సేకరించాలంటే ప్రయోజనం ఏమిటో చెప్పి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి, ఆ ప్రయోజనానికి అవసరమైనంతే సేకరించాలి, దానికే వాడాలి. ఒప్పందంలో ముందే అంగీకరించి ఉంటేనో చట్టం ఆదేశిస్తేనో తప్ప, మూడో వ్యక్తికి ఇవ్వాలంటే ఇచ్చినవారి ముందస్తు అనుమతి కావాలి. కంపెనీ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఆయన నెలలోపు ఫిర్యాదును పరిష్కరించాలి. భద్రతా పద్ధతులలో నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం జరిగితే, 43-ఎ కింద మీకే నష్టపరిహారం వస్తుంది. 5 కోట్ల రూపాయల వరకు ఉన్న క్లెయిములను రాష్ట్ర ప్రభుత్వ ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారి హోదాలో విచారిస్తారు. మనకైతే అది అమరావతిలోని సచివాలయం.

కొత్త చట్టం పూర్తిగా అమలులోకి వచ్చిన రోజున 43-ఎ సెక్షను రద్దవుతుంది. కొత్త చట్టంలో జరిమానాలు చాలా పెద్దవి. భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు, డేటా లీకైన సంగతి బోర్డుకు, బాధితులకు తెలియజేయకపోతే 200 కోట్ల వరకు విధించవచ్చు. అయితే ఆ సొమ్మంతా భారత సంచిత నిధికి జమ అవుతుంది, బాధితుడి చేతికి రూపాయి రాదు. సున్నితమైన డేటా అనే ప్రత్యేక తరగతి కూడా కొత్త చట్టంలో లేదు. గుండె వేగానికీ ఫోను నంబరుకూ ఒకే కొలబద్ద. ఐరోపా సమాఖ్య తన డేటా నియమావళిలో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక రక్షణ ఇచ్చి, దానిని 2018 మే 25 నుంచి అమలు చేస్తుండగా, మన పార్లమెంటు ఆ విభజనను వదిలేయడం నా దృష్టిలో వెనకడుగు. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే పరికరాల విషయంలో దాని లోటు ఎక్కువగా తెలుస్తుంది.

ఇక ఆ ఇంగ్లీషు కాగితం. మీలో కొందరు దానిని చించేయాలని అనుకుంటున్నట్టు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక నకలు సంపాదించి భద్రంగా పెట్టుకోండి. కారణం కొంచెం వివరంగా చెప్పాలి.

కొత్త చట్టం కింద యజమాని కార్మికుడి డేటాను రెండు దారులలో వాడుకోవచ్చు. ఒకటి, కార్మికుడి సమ్మతి. రెండోది, 7వ సెక్షనులో ఉన్న ఉద్యోగ ప్రయోజనాల వెసులుబాటు. ఉద్యోగ అవసరాల కోసమో, యజమానికి నష్టం, బాధ్యత కలగకుండా కాపాడుకోవడానికో అయితే సమ్మతి అడగకుండానే డేటాను వాడవచ్చని అది చెబుతుంది. ఈ రెండో దారి యాజమాన్యానికి చాలా అనుకూలం, ఎందుకంటే తన డేటా ఏమేమి ఉందో, ఎవరెవరికి ఇచ్చారో అడిగే హక్కును (11వ సెక్షను), సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కును (12వ సెక్షను) చట్టం సమ్మతి ఇచ్చినవారికే కట్టబెట్టింది. అంటే సమ్మతి అడగని యజమాని దగ్గర కార్మికుడికి ఆ హక్కులు కూడా లేకుండా పోతాయి. మీ యాజమాన్యం సమ్మతి కాగితం తీసుకుంది కాబట్టి తనంతట తానే మొదటి దారిలోకి వచ్చినట్టయింది. మీరు పనికిరానిదని అనుకుంటున్న ఆ ఒక్క పేజీయే రేపు మీ హక్కులకు ఆధారమవుతుంది.

పైగా ఆ సమ్మతి ఎలా ఉండాలో కూడా చట్టం చెప్పింది. స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలి. చెప్పిన ప్రయోజనానికి అవసరమైన డేటాకే అది పరిమితం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోనులో డాక్టరును సంప్రదించే యాప్ ఒకటి వైద్యసేవ కోసం, ఫోనులోని కాంటాక్టుల జాబితా కోసం కూడా సమ్మతి అడిగిందనీ, వాడేవారు రెండింటికీ సరేనన్నారనీ అనుకుందాం. కాంటాక్టుల జాబితా వైద్యసేవకు అవసరం లేదు కనుక, సరేనన్నా ఆ సమ్మతి వైద్యసేవ వరకే చెల్లుతుంది. దీనిని మీ జాకెట్‌కు అన్వయించి చూడండి. వడదెబ్బ నివారణ కోసం గుండె వేగం చూస్తామని చెప్పి తీసుకున్న సమ్మతి, విరామ సమయాన్ని లెక్కగట్టి కూలి కోయడానికి చెల్లదు. ‘ఏ ప్రయోజనానికైనా వాడుకోవచ్చు’ అనే వాక్యం ఆ కాగితంలో ఉంటే, అది నిర్దిష్టం కాదు కనుక ఆ మేరకు నిలబడదు. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగానీ చదువుకునే వెసులుబాటు కల్పించాలని కూడా చట్టం అంటుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్న భాషే. వేలిముద్ర వేసిన మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి, విషయం తెలిసే సమ్మతించాడనడం ఏ అధికారి ముందూ అంత తేలిక కాదు.

మీ యాజమాన్యం తరఫు వకీలు తెలివైనవాడైతే, కాగితం సంగతి వదిలేసి, ఇదంతా ఉద్యోగ ప్రయోజనమే అని రెండో దారి పట్టవచ్చు. అప్పుడు మీరు అడగవలసినది, జాకెట్ ఇచ్చిన రోజున మీరు చెప్పిన ప్రయోజనం ఏమిటి అని. దానికి సాక్ష్యం కావాలి. ఆ రోజు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం, వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం, మేనేజరు మాట్లాడుతుండగా తీసిన వీడియో, ఏది ఉన్నా దాచండి. బీమా కంపెనీకి పంపడాన్ని మాత్రం ఉద్యోగ ప్రయోజనం కిందకు లాగడం వారికి కూడా కష్టమే. దానికి వేరుగా సమ్మతి కావాలనే నా అభిప్రాయం. పాత నియమాల కింద కూడా అంతే.

కూలి కోత విషయంలో ఇంకొక మార్గం ఉంది. వ్యక్తిపై ప్రభావం చూపే నిర్ణయానికి డేటాను వాడేటట్లయితే, ఆ డేటా పూర్తిగా, కచ్చితంగా, పొంతన తప్పకుండా ఉండేలా చూసే బాధ్యత దానిని వాడే సంస్థదేనని కొత్త చట్టం 8వ సెక్షను చెబుతుంది. ఇది చదవడానికి పొడిగా ఉంటుంది గానీ క్వారీలో దీనికి పదును ఎక్కువ. మీ గుంతలో చుట్టూ నిలువుగా కోసిన రాతి గోడలు ఉంటాయి. జీపీఎస్‌కు ఆకాశం ఎంత విశాలంగా కనిపిస్తే అంత నిక్కచ్చిగా పనిచేస్తుంది. గోడలు ఉపగ్రహాలను కప్పేసినా, సంకేతం గోడకు తగిలి తిరిగి వచ్చినా, మనిషి నిలబడిన చోటుకు కొన్ని మీటర్ల పక్కన ఉన్నట్టు చూపుతుంది. డ్రిల్లింగ్ చేస్తున్న మనిషి, షెడ్డు నీడన ఉన్నట్టు తెర మీద కనిపించడానికి ఆ కొన్ని మీటర్లు చాలు. గుండె వేగం కూడా అంతే. బట్టలో నేసిన ఎలక్ట్రోడ్లు ఒంటికి అంటుకుని ఉండాలి. జాకెట్ వదులుగా ఉన్నా, డ్రిల్లు అదురు చేతుల గుండా ఒంట్లోకి వస్తున్నా అంకె తప్పుతుంది. కాబట్టి కోత పడిన రోజు తేదీ, సమయం, ఆ సమయంలో ఎవరు ఏ బ్లాకు దగ్గర పనిచేస్తున్నారు, మేస్త్రి మస్టరులో ఏమి రాశాడు అన్నవి సూపర్‌వైజరుగా మీరు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. పదిమంది లెక్కలలో నలుగురివి యంత్రం లెక్కతో సరిపోలకపోయినా మీ కేసుకు ప్రాణం వస్తుంది.

డేటా చట్టం సంగతి ఎలా ఉన్నా, కూలి కోత వేతనాల చట్టం కిందకూ వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, చట్టంలో చెప్పిన కారణాలకు తప్ప కూలి కోయకూడదు. జరిమానా వేయాలంటే ముందుగా కార్మికుడి సంజాయిషీ వినాలి, అది ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. పనికి రాకపోతే కోయవచ్చు. నీళ్లు తాగడానికి నీడకు వెళ్లడాన్ని గైర్హాజరీగా చూపడం వేరే సంగతి. ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉంది. ఫిర్యాదు పట్టుకుని ఒంగోలులోని రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్తారు. గనులు, క్వారీల విషయంలో ఈ చట్టం కింద అధికారం ఉన్న ప్రభుత్వం కేంద్రమే. అర్జీ కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ విభాగపు అధికారులకు వెళ్లాలి. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ నెలల తరబడి అక్కడే పడి ఉండడం నేను నా పనిలో తరచూ చూస్తుంటాను.

జాకెట్ వేసుకోనని అనవచ్చా అన్న ప్రశ్నకు మీకు నచ్చని జవాబే చెప్పాలి. మొండిగా వేసుకోనని అనడం మంచిది కాదు. హెల్మెట్, బూట్లు, మెరిసే జాకెట్ వంటి రక్షణ సామగ్రిని నిరాకరిస్తే అది క్రమశిక్షణ చర్యకు దారి తీయవచ్చు. సెన్సరు లేని మెరిసే జాకెట్ ఇవ్వమని రాతపూర్వకంగా అడగడం, లేదా సెన్సరును వడదెబ్బ హెచ్చరికకే పరిమితం చేసి విరామ సమయంలో స్థానం నమోదును ఆపమని అడగడం మేలు. గోప్యత ప్రాథమిక హక్కు కదా, పుట్టస్వామి తీర్పు ఉంది కదా అని మీరు రాశారు. నిజమే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట తేల్చింది. కానీ ఆ తీర్పును ఆయుధంగా చేసుకుని హైకోర్టులో రిట్ వేయడం ప్రధానంగా ప్రభుత్వం, దాని సంస్థల మీద పనిచేస్తుంది. చండీగఢ్, నాగపూర్ వంటి నగరాలలో పారిశుధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు తగిలించినప్పుడు చెలరేగిన వివాదం మునిసిపాలిటీతో కనుక అక్కడ ఆ వాదనకు చోటుంది. ప్రైవేటు క్వారీ మీద ఆ దారి ఇరుకైనది.

పేర్లు తీసేసి జాకెట్ నంబర్లు మాత్రమే ఉంచాము కాబట్టి అది వ్యక్తిగత డేటా కాదని మీ మేనేజరు అన్నట్టు రాశారు. ఆ మాట నిలబడదు. ఫలానా డేటా ద్వారాగానీ దానికి సంబంధించిగానీ మనిషిని గుర్తించగలిగితే అది వ్యక్తిగత డేటాయే. జాకెట్ కాలరు లోపల మార్కరుతో 37 అని రాసి ఉండి, మస్టరులో 37 ఎదురుగా ఒక మనిషి పేరు ఉంటే ఇక దాచినదేముంది? పేర్లు లేని డేటా కూడా ఎంత బయటపెట్టగలదో తెలియాలంటే 2018 జనవరి నాటి స్ట్రావా అనే వ్యాయామ యాప్ ఉదంతం చాలు. వ్యాయామం చేసేవారి పరుగు దారులను పేర్లు లేకుండా కలిపి ఆ సంస్థ ప్రచురించిన పటంలో, ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాల రూపురేఖలు వెలుగు గీతలుగా కనిపించాయి.

బాధ్యత ఎవరిది అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. క్వారీ యజమాని కాంట్రాక్టరును చూపిస్తాడు, కాంట్రాక్టరు జాకెట్లు అమ్మిన కంపెనీని చూపిస్తాడు. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారే చట్టం ముందు బాధ్యులు. వారి తరఫున నిల్వచేసే కంపెనీతో ఏ ఒప్పందం ఉన్నా ఆ బాధ్యత తప్పదు. ఇద్దరు కలిసి నిర్ణయిస్తే ఇద్దరూ బాధ్యులే. అందుకే అర్జీని క్వారీ యాజమాన్యానికీ కాంట్రాక్టరుకూ కలిపి పంపండి. తెలుగులోనే రాయండి. సేకరిస్తున్న వివరాలు ఏమిటి, ఏ ప్రయోజనానికి, ఎంతకాలం ఉంచుతారు, ఎవరెవరికి ఇచ్చారు, బీమా కంపెనీకి ఇచ్చారా, ఫిర్యాదుల అధికారి ఎవరు అని సూటిగా అడగండి. ఆవేశం, ఆరోపణలు ఆ అర్జీలో వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. ఒక్కరి పేరు మీద కాక పదిమంది సంతకాలతో పంపితే, ఆ ఒక్కరిని పని మానిపించే అవకాశం తగ్గుతుంది.

ఆ అర్జీలో డేటాను వెంటనే తొలగించండి అని మాత్రం రాయకండి. మీ ప్రశ్న కింద కొందరు ఆ సలహా ఇచ్చారు. ఎండలో కుప్పకూలిన మనిషి కుటుంబం రేపు పరిహారం అడగవలసి వస్తే, ఆ రోజు ఒంటి వేడి ఎంత పెరిగింది, హెచ్చరిక మోగిందా, మోగినా పని ఆపలేదా అన్నది ఆ డేటాలోనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి. ఆ రికార్డు యాజమాన్యం దగ్గరే ఉంటుంది కనుక ముందు నకలు అడగండి, కోత లెక్కలను ఆధారంగా చూపండి, తొలగింపు మాట ఆ తరువాత.

వాచీల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమ్మగారి వాచీకి జతచేసిన యాప్‌లో కాంటాక్టులు, మైకు, ఫోటోల అనుమతులు ఆపేయండి. గుండె వేగం చూడడానికి అవి అక్కరలేదు. కంపెనీ విదేశీదైనా భారతదేశంలోని వారికి సేవలు అందిస్తుంటే కొత్త చట్టం దానికీ వర్తిస్తుంది. పాప విషయం కొంత వేరు. 18 ఏళ్లలోపు వారి డేటాను వాడాలంటే, తల్లిదండ్రుల సమ్మతిని నిజంగా వారిదేనని సరిచూసుకునే పద్ధతిలో తీసుకోవాలి. పిల్లల కదలికలను, ప్రవర్తనను గమనించడం, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపడం నిషిద్ధం. బడి బస్సులో పిల్లల భద్రత కోసం స్థానం చూడడం వంటి వాటికి నియమాలలో మినహాయింపులున్నాయి. తండ్రిగా మీరు పాప ఎక్కడుందో చూసుకోవడం ఇంటి అవసరం కనుక చట్టం మిమ్మల్ని పట్టించుకోదు, ఆ వివరాన్ని నిల్వచేసే కంపెనీని పట్టించుకుంటుంది. వాచీలో పుట్టిన తేదీ అడిగినప్పుడు, త్వరగా పని అవుతుందని పాప వయసు పెంచి రాయకండి. అలా రాసిన క్షణంలో ఈ రక్షణలను మీరే చేజేతులా వదులుకున్నట్టవుతుంది.

వాచీ కంపెనీ మీరు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత వివరాలను చట్ట ప్రకారం కాకుండా ఇతరులకు ఇస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది అక్రమ వ్యాపార పద్ధతి. దీనికి 2027 మే వరకు ఆగనక్కరలేదు. మీరు నివసించే చోటే, అంటే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించండి. కొనుగోలు బిల్లు, యాప్‌లో మీరు ఒప్పుకున్న షరతుల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే ఆ షరతులను కంపెనీలు తరచుగా మార్చేస్తుంటాయి, మీరు ఒప్పుకున్న నాటి పాఠం తరువాత దొరకకపోవచ్చు.